ఎల్లోర్ అలియాస్ ఏలూరు

ఏలూరులో రైలెక్కేవాళ్ళు టిక్కెట్టు మీద ఊరి పేరూ, తారీఖూ, పెట్టె నంబరూ చూసుకుంటారు గానీ, ఊరి పేరు పక్కన వుండే గుర్తక్షరాలు ఎవరు చూస్తారు చెప్పండి! రైల్వేవాళ్ళు తమ సౌకర్యం కోసం ప్రతి స్టేషనుకీ ఇంగ్లీషక్షరాలతో ఒక పొట్టిపేరు పెట్టుకున్నారు. ఏలూరు పొట్టిపేరు "ఇ, ఇ". ఇవాళ బోర్డు మీద వున్న ఇంగ్లీషు స్పెల్లింగు చూడండి. అందులో ఇ అనే అక్షరం మొదట్లో ఒక్కసారే వస్తుంది. మరి ఈ రెండో ఇ ఎక్కడినుంచి వచ్చినట్టు?

అది దొరలు వదిలివెళ్ళింది. వాళ్ళ నోటికి ఏలూరు తిరగలేదు కాబోలు, "ఎల్లోర్" అన్నారు, అలాగే రాశారు. ఆ స్పెల్లింగుకి మొదట ఒక ఇ, చివర ఒక ఇ. దొరలు వెళ్ళిపోయారు, బోర్డు మారింది, ఊరు మారింది. రెండో ఇ మాత్రం ఇప్పటికీ టిక్కెట్టెక్కి తిరుగుతూనే వుంది.

ఇది ఒక్క ఏలూరు ముచ్చటే అనుకునేరు! విజయవాడ పొట్టిపేరు "బి, జెడ్, ఏ". విజయవాడలో బి ఎక్కడుందండీ? బెజవాడలో వుంది. కాకినాడ టౌను "సి, సి, టి". కాకినాడని దొరలు కొకనాడా అని సి అక్షరంతో రాసేవారు మరి. ఇక విశాఖపట్నం సంగతి ఇంకా చిత్రం. వాల్తేరు స్టేషను పేరుని 1987లో విశాఖపట్నం అని మార్చారు. ఆ స్టేషనుని పాలించే డివిజను మాత్రం వాల్తేరు డివిజనుగానే వుండిపోయింది. దాన్ని కూడా విశాఖపట్నం డివిజను చెయ్యాలని కేంద్ర మంత్రివర్గం తీర్మానించింది 2025 ఫిబ్రవరిలో. ఇంటి గుమ్మానికి పేరు మార్చిన ముప్ఫై ఎనిమిదేళ్ళకి ఇంటిపేరు మారిందన్నమాట!

పోలీసు కేసుల్లో, దస్తావేజుల్లో మనం "అలియాస్" అనే మాట చూస్తుంటాం. "ఫలానా సుబ్బమ్మ అలియాస్ సుబ్బలక్ష్మి" అంటారు. పాతకాలం కాగితాల్లో "ఉరఫ్" అనేవారు. మనిషి ఒక్కరే, పేర్లు రెండు. పిలిస్తే పలికినంతకాలం రెండు పేర్లున్నా నష్టం లేదు. ఇ, ఇ అని కొట్టినా టిక్కెట్టు ఏలూరుకే వస్తోంది గదా!

అసలు ఏలూరుకి అలియాసులు కొత్త కాదు. హేలాపురి అన్నారు పండితులు. ఊరికి పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో వున్న పెదవేగి ఒకనాటి వేంగి. శాలంకాయనులు ఏలిన నగరం, తరువాత తూర్పు చాళుక్యుల రాజధాని. సముద్రగుప్తుడు వేయించిన అలహాబాదు స్తంభశాసనంలో వేంగి హస్తివర్మ పేరు వుంది. అంత పెద్ద పేరు ఇవాళ "పెద" తగిలించుకుని ఒక పల్లెటూరి పేరుగా మిగిలింది. నవాబుల కాలానికి ఏలూరు ఉత్తర సర్కారుల్లో ఒక సర్కారు. 1753లో సలాబత్ జంగ్ దీన్నీ, చుట్టుపక్కల సర్కారుల్నీ ఫ్రెంచివాళ్ళకి రాసిచ్చాడు. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం ఇంగ్లీషువాళ్ళకి ఫర్మానా ఇచ్చాడు. ప్రజలు మాత్రం ఎవరి ఫర్మానాతోనూ పనిలేకుండా ఏలూరు అంటూనే వచ్చారు.

గూడెంవాళ్ళూ అంతే. తాడేపల్లిగూడెం అని నిండుగా అనేది రైల్లో వినిపించే గొంతూ, పెళ్ళి శుభలేఖా మాత్రమే. ఊళ్ళోవాళ్ళని అడగండి, "మాది గూడెమండీ" అంటారు. గుంటూరు వైపు తాడేపల్లి ఇంకొకటి వుంది కాబట్టి, కొత్తవాళ్ళతో మాత్రం కాస్త వివరంగా చెబుతారు.

ఇంతవరకూ సరదాగానే వుంది. పేరు అలియాసుగా వుండి అసలు మనిషినే చూపించినంతకాలం ఇబ్బంది లేదు. అదే పేరు ఒకనాడు మెల్లిగా ఇంకొకరిని చూపించడం మొదలుపెడితే ఏమవుతుంది?

ఏలూరులో ఒక అరుగు మీద ఒక ముసలాయన కూర్చుని వున్నాడనుకోండి. అరుగు కదల్లేదు, ఆయనా కదల్లేదు, ఆయన తరువాత ఆయన మనమలు, మునిమనమలు అక్కడే కూర్చున్నారు. 1859లో ఆ అరుగు గోదావరి జిల్లాలో వుంది. 1904లో కృష్ణా జిల్లాలోకి వెళ్ళింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా పుట్టి, ఏలూరు దానికి ముఖ్యపట్టణమైంది. 2022 ఏప్రిల్ 4న అదే అరుగు ఏలూరు జిల్లాలో తేలింది. రాష్ట్రం లెక్క కూడా చూసుకుంటే మద్రాసు, 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్. ఇల్లు కదలకుండా ఇంత ప్రయాణం చేసిన కుటుంబాలు మన జిల్లాలో వేలకి వేలు!

2022 నాటి మార్పులో వున్న తిరకాసు మొదటి మూడింటిలో లేదు. పశ్చిమ గోదావరి అనే పేరు పోలేదు. అది భీమవరం ముఖ్యపట్టణంగా ఇంకొక జిల్లాకి దక్కింది. గూడెం ఆ జిల్లాలోనే వుండిపోయింది. తొంభై ఏడేళ్ళపాటు ఆ పేరుకి గడపగా వున్న ఏలూరు బయటికొచ్చేసింది. కైకలూరు, నూజివీడు ప్రాంతాలవాళ్ళు అంతకు ముందు కృష్ణా జిల్లావాళ్ళు. వాళ్ళొచ్చి ఏలూరు జిల్లాలో చేరారు. "పశ్చిమ గోదావరి జిల్లా కలెక్టరుగారికి" అని 2021లో రాసిన అర్జీ ఏలూరు వెళ్ళేది. అదే చిరునామాతో 2023లో రాస్తే భీమవరం వెళుతుంది. పేరు అదే, గుమ్మం వేరు.

ఉత్తరాల వరకూ మనల్ని కాపాడింది పిన్ కోడు. 1972లో పెట్టిన ఆ ఆరంకెలు ఏ జిల్లా ఎటు పోయినా చలించలేదు. ఏలూరుకి 534001, గూడేనికి 534101. అంకెలకి కులగోత్రాలు వుండవు, పుట్టింటి పేరూ అత్తింటి పేరూ వుండవు. కానీ మనుషులం అంకెలతో బ్రతకలేం గదా.

మా మేనకోడలు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. బి.ఏ. చదివిన నాకు దాని పనేమిటో సగమే అర్థమవుతుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఈ జిల్లాల గొడవ చెబుతుంటే అది పకపకా నవ్వింది.

"ఇది మాకు రోజూ వుండేదే అత్తా! దీన్ని మేము డిప్రికేషన్ అంటాం" అంది.

అది చెప్పింది నాకు అర్థమైనంతలో చెబుతాను. మనిషి రాసిన వాక్యాలు యంత్రానికి తెలియవు. మధ్యలో ఒక దుబాసీ కావాలి. ఆ దుబాసీ పేరు కంపైలర్. (అన్నట్టు, మొట్టమొదటి కంపైలర్లలో ఒకదాన్ని 1952లో తయారుచేసింది గ్రేస్ హాపర్ అనే అమెరికన్ మహిళ. ఆవిడ అంతకు ముందు కాలేజీలో లెక్కలు చెప్పేది. ఈ సంగతి మన ఆడపిల్లలకి తప్పకుండా చెప్పాలి.) ఆ భాషల్లో కూడా పేర్లు పాతబడతాయి. కొత్త పేరు పెడతారు. కానీ పాత పేరుతో లోకమంతా రాసేసి వుంటుంది. దాన్ని ఒక్కసారిగా తీసేస్తే ఎక్కడి పనులు అక్కడ ఆగిపోతాయి. అందుకని పాత పేరుని కొన్నాళ్ళు అలియాసుగా వుంచుతారు. ఎవరైనా అది వాడితే కంపైలర్ పని చేసిపెడుతూనే, "అమ్మా, ఈ పేరు త్వరలో తీసేస్తున్నాం, ఇకమీదట ఫలానా పేరు వాడుకో" అని ఒక వార్నింగ్ ఇస్తుంది. కొన్నాళ్ళకి పాత పేరు తీసేస్తారు. ఆ తరువాత వాడితే ఇక వార్నింగులుండవు, పని జరగదు, అంతే.

ఎంత మర్యాదైన పద్ధతి! ఇంట్లో అద్దెకున్నవాళ్ళని ఖాళీ చెయ్యమనడానికి కూడా మనం ఇంత మర్యాద చూపించం.

"చిక్కేమిటంటే అత్తా, ఆ వార్నింగ్ అన్నిచోట్లా ఒకేలా ఇవ్వదు" అంది మా పిల్ల. ఒక దారిన వెళ్ళి పాత పేరు పిలిస్తే గోల పెడుతుందట. ఇంకో దారిన వెళ్ళి అదే పేరు పిలిస్తే కిమ్మనదట. పైథాన్ అనే భాషలో 2012లో కొన్ని పేర్లని ఒక గదిలోంచి వేరే గదికి మార్చి, పాత గదిలో వాటి అలియాసులు వుంచారు. పాత తలుపు తట్టినవాళ్ళకి వార్నింగ్ ఇవ్వడం మొదలైంది 2018లో. ఆ వార్నింగ్ కూడా మామూలుగా పనిచేసుకునేవాళ్ళకి చాలా చోట్ల కంటికి కనపడకుండా దాచివుండే రకం. 2021లో తలుపు మూసేశారు. ఏళ్ళ తరబడి నిశ్చింతగా వాడుకుంటున్నవాళ్ళ ప్రోగ్రాములు ఆ కొత్త పైథానుకి మారగానే ఆగిపోయాయి. "చెప్పాం గదా" అన్నారు పెద్దలు. "మాకు వినపడలేదే" అన్నారు పిల్లలు. ఇద్దరూ నిజమే చెప్పారు!

జావా అనే భాషలో ఇందుకు తిరగేసిన కథ. అక్కడ వార్నింగ్ విసిగిస్తుంటే, "నాకు తెలుసులే, ఊరుకో" అని చెప్పే వీలుంది. కానీ ఫైలు మొదట్లో, ఫలానా పేరుని తెచ్చుకుంటున్నాను అని రాసే వరుస దగ్గర మాత్రం ఆ మాట చెల్లేది కాదు. ఎంత చెప్పినా అక్కడ వార్నింగ్ మోగుతూనే వుండేది. 2017లో గానీ దాన్ని సరిచెయ్యలేదు. పనికిరాని చోట రోజూ మోగే గంట వల్ల ఒక ప్రమాదం వుంది. నిజంగా అవసరమైన నాడు కూడా మనం దాన్ని పట్టించుకోం. రోజూ కేకలేసే అత్తగారి మాట కోడలు వినిపించుకోదని మనకి తెలియదూ!

ఇదంతా విన్నాక నాకు మన దేశంలో జరిగిన ఒక పెద్ద పేరు మార్పు గుర్తొచ్చింది. అది అణాలు పోయి పైసలు రావడం. మా అమ్మమ్మ తరం ఆడవాళ్ళు కూరలబ్బాయి దగ్గర నిలబడి ఆ లెక్కలన్నీ నోటితో కట్టారు. అంతవరకూ రూపాయికి పదహారణాలు, అరవై నాలుగు పైసలు. 1957 ఏప్రిల్ 1 నుంచి రూపాయికి నూరు పైసలు. పాత పైసా, కొత్త పైసా రెండూ ఒకే సంచీలో వుంటే మోసపోయేది ఎవరు? కూరలు కొనే ఇల్లాలే గదా! అందుకని కొత్త నాణేనికి "నయా పైసా" అని పేరు పెట్టారు. నాణెం మీదే "నయా" అని వుంది. రూపాయిలో నూరో వంతు అని హిందీలో కూడా అచ్చువేశారు. అంటే హెచ్చరిక గెజిట్టులో ఎక్కడో లేదు, ప్రతి అరచేతిలోనూ వుంది. బెజవాడలో ఒకలాగా, కొల్లేటి లంకల్లో ఇంకొకలాగా లేదు. ఏడేళ్ళు గడిచి అందరికీ అలవాటయ్యాక, 1964 జూన్ 1 నుంచి "నయా" తీసేసి వట్టి పైసా అన్నారు. పాత పేరుని సాగనంపడమంటే అదీ!

పైగా అణా నిజంగా పోయిందా? "పదహారణాల తెలుగుపిల్ల" అంటాం గానీ "నూరు పైసల తెలుగుపిల్ల" అని ఎవరైనా అంటారా? ఇరవై అయిదు పైసల బిళ్ళని చివరిదాకా పావలా అనే అన్నాం. 2011 జూన్ నెలాఖరుతో ఆ బిళ్ళే చెల్లకుండా పోయింది గానీ, పావలా అనే మాట పోలేదు. ఖజానా నుంచి పేరుని తీసెయ్యగలరు. నాలుక మీదనుంచి తీసెయ్యడం ఏ ప్రభుత్వానికీ చేతకాదు.

ఇక హెచ్చరిక సరిగా అందకపోతే ఏమవుతుందో చూడాలంటే మనం మన కొల్లేరుకే వెళ్ళాలి. దీన్ని కూడా దొరలు తమ పటాల్లో "కొలైర్" అని రాసుకున్నారు, అది వేరే సంగతి. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో వున్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు వచ్చి కలుస్తాయి, ఉప్పుటేరు మిగులు నీటిని సముద్రానికి మోసుకుపోతుంది. కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ తల్లి గుడి, ఆటపాకలో పక్షులు, చుట్టూ లంక గ్రామాలు. లంక అంటేనే చుట్టూ నీళ్ళున్న నేల. నీళ్ళు తగ్గి నేల తేలిన చోట కూడా ఊరి పేరులోని "లంక" అలాగే వుంది. వరద వచ్చిన ఏడాది ఆ పేరెందుకు పెట్టారో మళ్ళీ తెలిసొస్తుంది.

అయితే కొల్లేటి నీటికి మూడు పేర్లున్నాయి. పటం గీసేవాళ్ళకి అది సరస్సు. చేపలు పెంచేవాళ్ళకి చెరువు. ఆ పరిధిలోనే జిరాయితీ పట్టాలున్న రైతులకి పొలం. మూడూ ఒకే చోటు. 1999లో సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత లోపల వున్న 308 చదరపు కిలోమీటర్లనీ ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. ఇవన్నీ సరస్సు అనే పేరుతో వచ్చిన హెచ్చరికలు. చెరువు అనే పేరుతో మాత్రం పని యథాప్రకారం సాగిపోయింది. గట్లు లేచాయి, చేపలు పెరిగాయి, లారీలు వెళ్ళాయి. 2006లో యంత్రాలొచ్చి గట్లు తెంచాయి, పేలుడు మందు కూడా వాడారు. సరస్సు బ్రతకాలన్న దాంట్లో అనుమానం లేదు. దాని ఊపిరి దానికి వదలాల్సిందే. కానీ ఒక పేరు దగ్గర ఏడేళ్ళు మోగిన గంట, పక్కనే వున్న ఇంకో పేరు దగ్గర ఆ ఏడేళ్ళూ మోగకపోతే, చివరికి విన్న మొదటి చప్పుడు గట్టు పేలిన చప్పుడైతే, చిన్నవాళ్ళు ఎలా తట్టుకుంటారు? పెద్ద చెరువులవాళ్ళు ఇంకోచోట తవ్వుకోగలరు. అందులో కూలికి వెళ్ళే ఆడమనిషికి ఇంకో చోటెక్కడ?

ఆడమనిషి అన్నాను గదా, ఇప్పుడు మన సంగతికి వద్దాం. ఊరికి పేరు మారడం నూరేళ్ళకో నూట యాభై ఏళ్ళకో ఒకసారి. ఆడపిల్లకి పేరు మారడం పెళ్ళిపీటల మీదే. మన తెలుగువాళ్ళలో ఇంటిపేరు ముందుంటుంది. బళ్ళో, కాలేజీలో పుట్టింటి అక్షరం. రేషను కార్డులో, ఓటరు జాబితాలో అత్తింటి అక్షరం. ఈమధ్య కొందరు ఇంటిపేరు వదిలేసి భర్త పేరు చివర తగిలించుకుంటున్నారు. అప్పటికి మూడు అలియాసులు. పెళ్ళయ్యాక ఆడది ఇంటిపేరు మార్చుకుని తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పదు. ఆచారం చెబుతుంది, ఆఫీసులు మాత్రం చట్టంలో వున్నంత గట్టిగా అడుగుతాయి.

మా పిన్నికి గూడెం పక్కన పసుపుకుంకాల కింద ఇచ్చిన ఎకరంన్నర పొలం వుంది. దస్తావేజు పుట్టింటి పేరు మీద. నీటితీరువా రసీదు అత్తింటి పేరుతో ఇచ్చారు, ఎవరూ ఏమీ అనలేదు. బ్యాంకులో పంటరుణం ఏళ్ళ తరబడి తీసుకుంది, తీర్చింది, అక్కడా ఏమీ అనలేదు. కరెంటు బిల్లులో ఇంకో స్పెల్లింగు, దానికీ అభ్యంతరం లేదు. మనవరాలి చదువు కోసం అర ఎకరం అమ్ముదామని వెళితే ఒక కచేరీలో మొదటిసారిగా, "ఈ ఇద్దరూ ఒక్కరేనని రుజువేమిటమ్మా?" అన్నారు. డెబ్భై రెండేళ్ళ మనిషిని, ఆవిడ ఎదురుగానే నిలబడి వుండగా! ఆ కాగితాలు సరిచేయించుకునేసరికి నాలుగు నెలలు పట్టింది, కొనేవాడు వెళ్ళిపోయాడు, పిల్ల చదువుకి అప్పు చెయ్యాల్సొచ్చింది.

అడగడం తప్పని నేనను. ఒకరి పొలం ఇంకొకరు అమ్మెయ్యకుండా అడగాల్సిందే. కానీ మొదటి రసీదు ఇచ్చిన రోజునే, "అమ్మా, దస్తావేజులో నీ పేరు వేరుగా వుంది, సరిచేయించుకో" అని ఒక్క మాట చెప్పివుంటే? ఒక కిటికీ ఊరుకుంది, రెండో కిటికీ ఊరుకుంది, మూడో కిటికీ తలుపేసింది. వార్నింగ్ ఇవ్వాల్సిన చోట ఇవ్వకుండా ఏకంగా ఎర్రర్ ఇచ్చారన్నమాట, మా మేనకోడలి భాషలో చెప్పాలంటే.

సరిగా చేసిన చోట్లు లేకపోలేదు. 2016 డిసెంబరులో పాస్‌పోర్టుకి పెళ్ళి సర్టిఫికెట్టు అడగనవసరం లేదని నిబంధన మార్చారు. తెలంగాణలో 2024లో బండ్ల నంబర్లకి టి.ఎస్. పోయి టి.జి. వచ్చినప్పుడు, పాత బండ్లకి పాత అక్షరాలే వుంచుకోనిచ్చారు, కొత్త బండ్లకి మాత్రమే కొత్తవి. బండికి దొరికిన ఆ సౌకర్యం ఆడదాని సర్టిఫికెట్టుకి కూడా దొరికితే ఎంత బాగుండును!

పేర్లు మార్చొద్దని అనడం నా ఉద్దేశం కాదు. ఎల్లోర్‌ని ఏలూరు చెయ్యడం న్యాయమే. మన ఊరిని మన నోటితో పిలుచుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేనడిగేది చిన్న సంగతి. పాత పేరుని పంపించేటప్పుడు ప్రతి కిటికీ దగ్గరా ఒకే మాట చెప్పండి. పాతది ఏ రోజున పోతుందో చెప్పండి. దాని బదులు ఏమి రాయాలో చెప్పండి. నయా పైసా నాడు కోట్లమందికి చెప్పగలిగినవాళ్ళం, ఈనాడు చేతిలో ఫోను వున్న కాలంలో చెప్పలేమా?

ఈలోగా మనం చెయ్యదగ్గ పని ఒకటుంది. ఈ ఆదివారం మధ్యాహ్నం బీరువా తీయండి. పదో తరగతి సర్టిఫికెట్టు, ఆధార్, పాన్, బ్యాంకు పుస్తకం, పొలమో స్థలమో వుంటే ఆ దస్తావేజు, అన్నీ మంచం మీద పరిచి, ఒక్కో దాని మీద మీ పేరు ఎలా వుందో చదవండి. ఇంట్లో అత్తగారుంటే ఆవిడవీ తీయించండి. అక్షరం తేడా కనబడితే, అవసరం లేని రోజున, తీరికగా వెళ్ళి సరిచేయించుకోండి. అమ్మకానికో ఆసుపత్రికో పరుగెత్తే రోజున ఆ పని జరగదు.